తీర్థం గురించి గంటసేపు చెప్పాడు, పుస్తకంలో కథ అడిగితే ‘ఏమో’ అంటాడు

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర ఒక పల్లెటూరు. మా వారు కువైట్‌లో ఉంటారు. నేను, అత్తగారు, ఇద్దరు పిల్లలు ఇక్కడ. బాబుకి ఏడేళ్ళు, ఇంగ్లిష్ మీడియంలో రెండో తరగతి. తెలుగు, ఇంగ్లిష్ రెండూ గడగడా చదివేస్తాడు. కానీ చదివాక ‘ఏం కథ నాన్నా, చెప్పు’ అంటే ‘ఏమో’ అంటాడు, లేకపోతే చివరి వాక్యం అప్పజెప్పేస్తాడు. గట్టిగా అడిగితే ఏడుపు. స్కూల్ డైరీలో ‘చదివింది అర్థం చేసుకోవడం లేదు, ఇంట్లో కథలు చెప్పించండి’ అని రాసి పంపారు. మా అత్తగారేమో ‘వీడికి బుర్రకెక్కట్లేదే’ అంటున్నారు, అదీ వాడి ముందే. విచిత్రం ఏంటంటే కనుమకి జగ్గన్నతోట తీర్థానికి, అదే జాతరకి వెళ్ళొచ్చి, వాళ్ళ నాన్నకి ఫోన్‌లో ప్రభలు కౌశిక కాలువ ఎలా దాటాయో గంటసేపు చెప్పాడు. పాపకి నాలుగున్నర. చదవడం రాదు కానీ కథ చెప్పమంటే ఆపదు, మొసలి కథలోకి స్కూల్ ఆటో కూడా తెచ్చేస్తుంది. ఇద్దరికీ ఎలా నేర్పాలి? యూట్యూబ్‌లో కథలు చూపిస్తే మంచిదా? చాలా టెన్షన్‌గా ఉందండి.

సమాధానం: అమ్మా, మీరు ‘విచిత్రం’ అని రాసిన సంగతే నాకు ఉత్తరం మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది. జగ్గన్నతోటలో జరిగేది చిన్న విషయం కాదు కదా. పదకొండు మంది రుద్రులు, అంటే శివుడి రూపాలు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ప్రభల మీద, అంటే అలంకరించిన ఎత్తైన వెదురు కట్టడాల మీద వస్తారు, చేలల్లోంచి భుజాల మీద మోసుకొస్తారు, గంగలకుర్రు వైపు ప్రభలైతే కౌశిక నీళ్ళల్లోకి దిగి దాటాలి, మోసేవాళ్ళు లోతు నీళ్ళల్లో తడబడుతుంటే ఒడ్డున జనం ‘అశ్శరభ శరభ’ అని అరుస్తుంటారు. దీన్ని ఏడేళ్ళవాడు ఫోన్‌లో గంటసేపు చెప్పాడంటే ఏది ముందు ఏది వెనక అని వరస పెట్టుకోవడం, ఎక్కడ ప్రభ ఒరిగిపోతుందేమోనని భయం వేసిందో అక్కడ కాస్త ఆగి చెప్పడం, నాన్నకి అర్థం కాకపోతే వెనక్కి వెళ్ళి మళ్ళీ అందుకోవడం, ఇవన్నీ వాడికి వచ్చన్నమాట. కథ తిరిగి చెప్పడం అంటే ఇంతకన్నా వేరే విద్య ఏమీ లేదు.

మరి పుస్తకం దగ్గరికి వచ్చేసరికి నోరెందుకు పడిపోతోంది? తీర్థంలో ఏం జరిగిందో వాళ్ళ నాన్నకి తెలీదు, ఆయన అక్కడ లేరు, వినాలని ఆయనకి నిజంగా ఉంది. పుస్తకం దగ్గర మాత్రం మీరు పక్కనే కూర్చుని, అదే పేజీ చూస్తూ, వాడు చదివిందంతా విని, పుస్తకం మూశాక ‘ఏం కథ చెప్పు’ అంటున్నారు. ఇప్పుడే విన్న కథ మళ్ళీ మీకెందుకు? పిల్లలు ఇలాంటివి చాలా తొందరగా కనిపెడతారండి. ఇది కబురు కాదు, పరీక్ష అని వాడికి అర్థమైపోయింది. పరీక్షలో తప్పు చెప్తే ఏమవుతుందో కూడా వాడికి తెలుసు, నానమ్మ మాట ఎటూ వినపడుతోంది. అలాంటప్పుడు ‘ఏమో’ అంటే గొడవ వదిలిపోతుంది. చివరి వాక్యం ఉన్నదున్నట్టు అప్పజెప్పినా అంతే, పుస్తకంలో మాటలే కాబట్టి ఎవరూ తప్పు పట్టలేరు.

అందుకని నేను మొదట అడిగేది ఒక్కటే. కథ తెలిసినవాళ్ళు అడగడం మానేసి, తెలియనివాళ్ళకి చెప్పించండి. అలాంటివాళ్ళు మీ ఇంట్లో ఇద్దరు సిద్ధంగా ఉన్నారు, ఒకరు కువైట్‌లో, ఒకరు ఇంట్లోనే.

ముందు నాన్న సంగతి. మనకి రాత్రి ఎనిమిదైతే అక్కడ సాయంత్రం అయిదున్నర, ఆయన డ్యూటీ ఎప్పుడు దిగుతారో చూసుకుని వారంలో రెండు మూడు రోజులు ఆ టైం కథకి పెట్టండి. ఆయనతో ముందే ఒక మాట చెప్పి ఉంచండి: ‘బాగా చదువుతున్నావా, మార్కులెన్ని’ అని మొదలెట్టకూడదు, ‘ఈ వేళ ఏం చదివావు, నాకు చెప్పు’ అని ఊరుకోవాలి, అర్థం కాకపోతే మొహమాటం లేకుండా ‘ఆగరా, మొసలి ఎవరితో అంది ఆ మాట?’ అని అడగాలి. కథ ఏంటో మాత్రం మీరు ఆయనకి ముందే చెప్పెయ్యకండి, నిజంగా తెలియకపోతేనే ఆ ప్రశ్నలు నిజంగా వస్తాయి. ఇంకోటి, వాడు చెప్తున్నంతసేపు మీరు వంటింట్లో ఏదైనా పని చూసుకోండి. పక్కన కూర్చుని ‘అది కాదురా, ముందు కోతి కదా వచ్చింది’ అని అందించారంటే ఫోన్‌లో నాన్న ఉన్నా అది మళ్ళీ పరీక్షే.

ఇక మీ అత్తగారు. ఆవిడ మాట బాధ పెట్టేదే, కానీ ఆవిడతో వాదన పెట్టుకోకండి, పని అప్పగించండి. ఇంగ్లిష్ కథల పుస్తకం ఆవిడ చదవలేరనుకుంటాను. అయితే ఇంకా మంచిది, ఆ కథ ఆవిడకి చేరాలంటే మీ వాడు చెప్పాల్సిందే! ‘అత్తయ్యా, వీడి పుస్తకంలో ఏదో నక్క కథ ఉందట, నాకు తీరిక లేదు, మీరు కాస్త చెప్పించుకోండి’ అని వదిలెయ్యండి. వాడు ఇంగ్లిష్‌లో చదివింది తెలుగులో చెప్తాడు. అది చాలదేమో, స్కూల్లో ఇంగ్లిష్‌లోనే చెప్పాలి కదా అని మీకు అనిపించొచ్చు. ఈ వయసులో నేనైతే తెలుగుకే ఓటు వేస్తాను. కథ అర్థమైందా లేదా అన్నది ఇంట్లో మాట్లాడే భాషలో తేలిపోతుంది, అర్థమైన కథని ఇంగ్లిష్‌లో పెట్టడం తర్వాతి పని, దానికి వేరే మాటలు కావాలి, వేరే టైం కావాలి. రెండూ ఒకేసారి మీద పడేస్తే, అర్థమైన పిల్లవాడు కూడా మాటలు దొరక్క నోరు మూసుకుంటాడు, మనం వాడికి అర్థం కాలేదనుకుంటాం.

ఊ కొట్టడం ఎలాగో మీ అత్తగారికి ఒకరు నేర్పక్కర్లేదు. మన పెద్దవాళ్ళు కథ చెప్పేటప్పుడు పిల్లలు ఊ కొట్టాలి, ఊ ఆగితే కథ ఆగుతుంది. ఇప్పుడు దాన్ని తిరగెయ్యడమే, వాడు చెప్తాడు, ఆవిడ ఊ కొడతారు. వినడానికి చిన్న పనిలాగే ఉంటుంది కానీ, వింటున్నారన్న నమ్మకం ప్రతి వాక్యానికీ అందుతుంటే పిల్లలు ఎంత దూరమైనా వెళ్తారు. కథ అయ్యాక ‘కథ కంచికి, మనం ఇంటికి’ అనడం కూడా వాడికే వదిలెయ్యండి.

ఇదంతా మొదలెట్టే ముందు ఒక చిన్న పరిశీలన చేసి చూడండి, ముడి ఎక్కడుందో తెలుస్తుంది. గడగడా చదవడం వేరు, చదివింది తలకెక్కడం వేరు. 1986లో గఫ్, టన్మర్ అని ఇద్దరు పరిశోధకులు దీన్ని చాలా తేలిగ్గా చెప్పారు: అక్షరాలని మాటలుగా పలకగలగడం, విన్న మాట అర్థం చేసుకోగలగడం, ఈ రెండిటి గుణకారమే చదవడం. కూడిక కాదు, గుణకారం, అంటే ఒకటి సున్నా అయితే రెండోది ఎంత ఉన్నా ఫలితం సున్నాయే. తెలుగులో గుణింతాలు, ఒత్తులు, ఒత్తు మీద గుణింతం వచ్చినవి, ఇవన్నీ రెండో తరగతి పిల్లలకి ఇంకా బరువే, బయటికి గడగడా వినిపిస్తున్నా లోపల శ్రద్ధంతా పలకడం మీదే ఉండిపోవచ్చు. కాబట్టి ఒక రోజు వాడితో చదివించకండి. అంతే కష్టం ఉన్న వేరే తెలుగు కథ మీరే చదివి వినిపించండి, తర్వాత వాణ్ణి నానమ్మ దగ్గరికి పంపి చెప్పమనండి. విన్న కథ బాగా చెప్పి, తను చదివిన కథ చెప్పలేకపోతే వాడి బలమంతా అక్షరాలకే పోతోందని అర్థం, కాస్త తేలిక పుస్తకాలు ఇవ్వండి, ఒకే కథ రెండోసారి చదవనివ్వండి, అది సర్దుకుంటుంది. తెలుగు పుస్తకం బాగా చెప్పి ఇంగ్లిష్ పుస్తకం దగ్గరే ఆగిపోతే అది కేవలం భాష సంగతి. విన్నదీ చెప్పలేకపోతే, అప్పుడు కథ ఎలా అల్లుకుంటుందో కాస్త చేత్తో పట్టుకుని చూపించాలి. కింద చెప్పేది ముఖ్యంగా ఆ మూడో రకం వాళ్ళకి, అయినా అందరికీ పనికొస్తుంది.

దానికి ఏడు చేపల కథని మించింది నాకు కనపడలేదు. చిన్నప్పటి నుంచీ విన్నదే కాబట్టి మనం దాన్ని తేలిగ్గా చూస్తాం గానీ, పిల్లలకి కథ చెప్పడం నేర్పడానికే ఎవరో కూర్చుని చేసినట్టుంటుంది. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చారు, ఎండబెట్టారు, ఒకటి ఎండలేదు. ‘చేపా చేపా ఎందుకు ఎండలేదు?’ అంటే గడ్డిమోపు అడ్డమొచ్చిందంది. గడ్డిమోపుని అడిగితే ఆవు మెయ్యలేదంది, ఆవుని అడిగితే పాలేరు మేపలేదంది, వాణ్ణి అడిగితే అమ్మ అన్నం పెట్టలేదన్నాడు, ఆవిడని అడిగితే పిల్లాడు ఏడ్చాడంది, పిల్లాడు చీమ కుట్టిందన్నాడు, చీమేమో ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా’ అంది. మీ అత్తగారు చెప్పే కథలో ఒకటి రెండు పాత్రలు మారొచ్చు, ఏం పర్వాలేదు. చూడండి, ఇందులో ప్రతి మెట్టూ ముందు మెట్టుకి కారణం. ఒక్కటి వదిలేస్తే కథ నడవదు, వదిలేసిన సంగతి చెప్పేవాడికే తెలిసిపోతుంది, మనం తప్పు పట్టక్కర్లేదు. అంతర్వేది వైపో, ఓడలరేవు వైపో వెళ్ళినప్పుడు ఒడ్డున ఎండబెట్టిన చేపలు చూసిన పిల్లలైతే చేప ఎండకపోవడం ఎంత పెద్ద సమస్యో కూడా చెప్పక్కర్లేదు.

ఇది బాగా వచ్చాక వెనక నుంచి చెప్పించండి. చీమ దగ్గర మొదలెట్టి, వేలు పెట్టాడు అందుకని కుట్టింది, కుట్టింది అందుకని ఏడ్చాడు, అలా చేప దాకా రమ్మనండి. బట్టీ పట్టిన పిల్లవాడు ఇక్కడ ఆగిపోతాడు, కథ తెలిసిన పిల్లవాడు తడుముకుంటూనైనా వస్తాడు. మీ వాడు చివరి వాక్యం అప్పజెప్తాడన్నారు కదా, అప్పజెప్పడానికి వీల్లేని ప్రశ్న ఇదొకటి. మొసలి వైపు నుంచి చెప్పమనడం ఇంకోటి.

మొసలి అన్నాను కాబట్టి కోతి, మొసలి కథ దగ్గరికే వద్దాం. ఇది ఏడు చేపల కథంత సులువు కాదు. చాలామంది పిల్లలు దీన్ని ఎలా చెప్తారంటే, ‘కోతి ఉంది, నేరేడు పళ్ళు ఇచ్చింది, మొసలి వచ్చింది, వీపు మీద ఎక్కించుకుంది, కోతి మళ్ళీ చెట్టెక్కేసింది, అయిపోయింది’. జరిగినవన్నీ వచ్చాయి, వరస కూడా తప్పలేదు. అయినా వినేవాడికి ఏమీ అర్థం కాదు, ఎందుకంటే మొసలి పెళ్ళాం కోతి గుండె కావాలని పట్టుబట్టిన సంగతి జారిపోయింది, కోతి ‘గుండె చెట్టు మీదే మర్చిపోయాను’ అని అబద్ధం ఆడిన సంగతీ జారిపోయింది. ఇవి రెండూ కంటికి కనిపించే పనులు కావు, మనసులో ఉండేవి. పిల్లలకి ముందు కనిపించేవి నిలుస్తాయి, ఎవరికి ఏం కావాలి, ఎవరు ఏం అనుకున్నారు అన్నవి ఆలస్యంగా వస్తాయి. చిన్న తరగతుల్లో ఉన్నప్పుడు అవి మెల్లగా కుదురుకుంటాయి, మీ వాడు సరిగ్గా ఆ గుమ్మంలో ఉన్నాడు. కాబట్టి ‘ఇంకా ఏం జరిగింది, ఇంకా?’ అని తోడడం వల్ల లాభం లేదు. ‘పాపం స్నేహితుడే కదా, మొసలి ఎందుకలా చేసింది?’ అనే ఒక్క ప్రశ్న చాలు. దాంతో పెళ్ళాం వస్తుంది, గుండె వస్తుంది, మొసలి దిగులూ వస్తుంది. అన్నట్టు ఆ తీర్థం జరిగే చోటే మొసలపల్లి కదా, ఆ పేరెందుకొచ్చిందో నానమ్మ ఒక కథ కడితే వాడు కాసేపు నవ్వుకుంటాడు.

చెప్తూ చెప్తూ ఆగిపోయినప్పుడు ఏం చెయ్యాలి అన్నది అందరూ అడిగే ప్రశ్న. కొంచెంసేపు ఊరుకోండి, మనం అనుకునే దానికన్నా ఎక్కువసేపే. అప్పటికీ రాకపోతే తప్పుగా అందించండి. ‘ఓహో, అయితే కోతి తన గుండె తీసి ఇచ్చేసిందన్నమాట’ అని అమాయకంగా అనండి, ఏ పిల్లవాడూ ఊరుకోడు, ‘కాదూ!’ అని అరిచి మిగతాదంతా వాడే చెప్పేస్తాడు. చిన్న క్లాసులకి చెప్పిన రోజుల్లో నాకు దీనంత పనికొచ్చింది ఇంకోటి లేదు. రోజూ వాడకండి, కనిపెట్టేస్తారు.

ఈ వయసు పిల్లల కథ ‘తర్వాత, తర్వాత, తర్వాత’ అని నడుస్తుంది, లేకపోతే ‘వెళ్ళి, ఎక్కి, చూసి, దూకి, పారిపోయి’ అని ఊపిరాడకుండా ఒకే వాక్యంగా సాగిపోతుంది. దాన్ని దిద్దక్కర్లేదు. వాడు ఆగినచోట మీరు లేదా నానమ్మ ఒక్క వాక్యం తిరిగి అనండి, ‘అలాగా, పెళ్ళాం గొడవ చేసింది, అందుకని మొసలి అబద్ధమాడిందన్నమాట’ అని. ‘అందుకని’, ‘కానీ’, ‘ఇంతలో’, ‘అయినా సరే’ లాంటివి ఇలా చెవిన పడుతూ ఉంటే కొన్నాళ్ళకి వాడి నోట వాటంతటవే వస్తాయి. అలాగే యాస. ‘కోతి సెట్టెక్కేసిందండి’, ‘మొసలి ఎల్లిపోయింది’ అంటే అననివ్వండి. కథ నడుస్తుండగా ‘ఎల్లిపోయింది కాదు, వెళ్ళిపోయింది’ అని ఆపడం నాకు అస్సలు నచ్చదు. వాడి తల కథలో ఉంది, దాన్ని లాక్కొచ్చి అక్షరం మీద పెట్టడం ఎందుకు? పుస్తకం భాష చదువుతూ ఉంటే అదే వస్తుంది. పైగా మన వైపు మాటలో కథ చెప్తే ఉండే సొగసు పుస్తకాల్లో ఎక్కడుందండీ.

చేతికి ఏదైనా ఇస్తే కొందరికి తేలికవుతుంది. కార్డులు, చార్టులు కొనక్కర్లేదు. నాలుగు చింతపిక్కలు, ఒక కొబ్బరి చిప్ప చాలు, పెద్ద పిక్క మొసలి, చిన్నది కోతి, చిప్ప చెట్టు, నేల మీద సుద్దముక్కతో ఏటి గీత. పిక్కలు జరుపుతూ చెప్తే ఎవరు ఎక్కడున్నారో కళ్ళ ముందే ఉంటుంది కాబట్టి వరస తప్పదు, గుర్తు పెట్టుకోవాల్సిన బరువు సగం నేల మీదికి పోతుంది. అయిదు వేళ్ళకీ ఒక్కో ప్రశ్న పెట్టి ఎవరు, ఎక్కడ, ఏమైంది అని చెప్పించే పద్ధతి కూడా బళ్ళల్లో ఉంది. పర్వాలేదు, కానీ కొందరు పిల్లలు దాన్ని ఖాళీలు పూరించే పనిగా మార్చేసి కథలో ప్రాణం తీసేస్తారు, మీ వాడి తీరు చూస్తే అటు వెళ్ళే ప్రమాదం ఉంది. పిక్కలే మేలు.

ఒకసారి రెండుసార్లు చెప్పించి మార్పు లేదని వదిలెయ్యకండి. లెస్లీ మోరో అనే అమెరికా పరిశోధకురాలు 1980లలో బడిలో అప్పుడే చేరిన పిల్లలతో ఇదే చేసి చూశారు. కథ విన్నాక బొమ్మ గీసిన పిల్లలతో పోలిస్తే, పెద్దల సాయంతో తరచుగా కథ తిరిగి చెప్పిన పిల్లలకి కథ బాగా అర్థమైంది, కథ ఎలా కడతారో కూడా తెలిసింది. సాయం లేకుండా ఊరికే చెప్పమంటే మాత్రం అంత తేడా రాలేదు. సాయం అంటే అందించడం కాదు, ఇప్పటిదాకా మనం మాట్లాడుకున్నదే. ఒకే కథని ఈ రోజు నానమ్మకి, ఎల్లుండి నాన్నకి, ఆదివారం పక్కింటి పెద్దమ్మకి చెప్పించండి. మూడో వ్యక్తి దగ్గరికి వెళ్ళేసరికి ఏది చెప్తే వాళ్ళు నవ్వుతారో వాడికి తెలిసిపోతుంది, అక్కడ సాగదీస్తాడు, మిగతాచోట తగ్గిస్తాడు.

ఇక చిన్నది. నాలుగున్నరకి ఆ మాత్రం వాగ్ధాటి ఉంటే మీరు సంతోషించాలి. మొసలి కథలోకి ఆటో రావడం గురించి మీకు ఒక సంగతి చెప్తాను. కేంబ్రిడ్జిలో బార్ట్‌లెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఇంగ్లండ్‌లో చదువుకున్న పెద్దవాళ్ళకి ఇచ్చి, కొంతకాలం గడిచాక తిరిగి చెప్పమన్నారు. 1932లో ఆయన దాని గురించి రాశారు. కథలో సీల్ జంతువుల వేట ఉంటే వాళ్ళ చెప్పడంలో అది చేపలు పట్టడం అయింది, ఆదివాసుల దోనె మామూలు పడవ అయింది, అర్థం కాని దయ్యాల సంగతి కొందరిలో మాయమే అయింది. పెద్దవాళ్ళే తెలియనిదాన్ని తెలిసినదానితో పూడ్చుకుంటుంటే మీ పాప మొసలిని పంటకాలువలో పెట్టి ఆటో ఎక్కించడంలో వింతేముంది? ఆపకండి, నవ్వి వినండి. అంతా అయ్యాక మాత్రం ‘ఆటో పుస్తకంలో ఉందా, నీ కథలోదా?’ అని అడగండి. ‘నా కథలోది’ అందంటే దానికి తేడా తెలుసు, ఇంకేం కావాలి. బొమ్మల పుస్తకం చేతికిచ్చి పేజీలు తిప్పుతూ చెప్పమంటే వరస దానంతటదే కుదురుతుంది. ఒక్క జాగ్రత్త, అన్నాచెల్లెళ్ళని ఇప్పుడే ఒకచోట కూర్చోబెట్టి చెప్పించకండి. అది మధ్యలో లాక్కుంటుంది, వీడు మళ్ళీ ‘ఏమో’లోకి వెళ్ళిపోతాడు. ‘చిన్నది చూడు ఎంత బాగా చెప్తోందో’ అన్న మాట ఇంట్లో ఎవరి నోటా రాకుండా చూడండి.

పుస్తకాల కోసం ఖర్చు పెట్టక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ సైటులో తెలుగు కథలు బొమ్మలతో సహా ఉచితంగా ఉన్నాయి, చదివే స్థాయిని బట్టి విడదీసి ఉంటాయి, చాలా కథలు ఇంగ్లిష్‌లో కూడా దొరుకుతాయి కాబట్టి ఒకే కథ రెండు భాషల్లోనూ చదవొచ్చు. వాడి క్లాసు స్థాయి కన్నా ఒక మెట్టు కిందది తీసుకోండి. చదవడానికి కష్టపడని కథే చెప్పడానికి బాగుంటుంది.

యూట్యూబ్ గురించి నా అభిప్రాయం సూటిగానే చెప్తాను, కథ చెప్పడం నేర్పాలంటే అది పెద్దగా పనికిరాదు. బొమ్మ, గొంతు, సంగీతం అన్నీ వాళ్ళే చేసేస్తే పిల్లవాడు ఊహించాల్సింది ఏమీ మిగలదు. చూపించక తప్పని రోజు సౌండు తీసేసి, ఏం జరుగుతోందో నానమ్మకి వాణ్ణి చెప్పమనండి, లేకపోతే సగంలో ఆపి ఫోన్ పక్కన పెట్టెయ్యండి.

కథలే కాకుండా పాఠాలు కూడా ఇలా చెప్పించొచ్చు. మన వైపు చాలా ఊళ్ళల్లో కాటన్ దొర విగ్రహం ఉంటుంది కదా, అక్కడ నిలబడి ఈయన ఎవరని వాడు అడిగినప్పుడు తేదీలతో మొదలెట్టకండి. గోదావరి నిండా నీళ్ళుండి సముద్రంలోకి పోతున్నాయి, చేలకేమో నీళ్ళు లేవు, కరువులొచ్చి జనం చచ్చిపోతున్నారు, ఆయనకేమో ఏటికి అడ్డంగా కట్టాలని ఉంది, పైవాళ్ళని ఒప్పించాలి. 1847లో మొదలెట్టి 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టేశారు, మీ చేను పక్కన కాలువలో నీళ్ళు అలా వచ్చినవే. ఎవరికి ఏం కావాలి, ఏది అడ్డం, ఏం చేశారు అన్నవి ఉన్నాయి కాబట్టి అది కూడా కథే, ఇంటికొచ్చి నానమ్మకి తిరిగి చెప్పడానికి బాగుంటుంది.

వినికిడి లోపం గురించి ఒక మాట, మీకు కాకపోయినా చదివే మిగతావాళ్ళకి. కథే కాదు, తన రోజులో జరిగింది కూడా పిల్లలు చెప్పలేకపోతే, ‘గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి తలుపు వెయ్యి’ లాంటి రెండు మూడు పనులు ఒకేసారి చెప్తే తికమకపడుతుంటే, పిలిస్తే రెండోసారికి గానీ పలక్కపోతే, మందబుద్ధి అనుకునే ముందు ఒకసారి ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. తరచూ చెవి కారే పిల్లల్లో ఇలా వినికిడి తగ్గడం మామూలే. మీ వాడు తీర్థం గంటసేపు చెప్పినవాడు, వాడికి ఆ భయం అక్కర్లేదు.

మిగిలింది డైరీ. టీచరుగారి మీద కోపం తెచ్చుకోకండి, నలభై మంది పిల్లల్లో ఒక్కొక్కరి గురించి ఒక వాక్యం రాయగలిగితే అదే గొప్ప. 2021లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ అనే చదువుల కార్యక్రమం తర్వాత మూడో తరగతి దాటేలోగా పిల్లలు అర్థం చేసుకుంటూ చదవాలన్న మాట అన్ని బళ్ళల్లోనూ వినిపిస్తోంది, ఆ ఒత్తిడి వాళ్ళకీ ఉంటుంది. రెండు వారాలు ఇంట్లో చేశాక వెళ్ళి కలవండి, డైరీలో జవాబు రాయడం కన్నా అది నయం. వాడు విన్న కథ ఎలా చెప్తున్నాడు, తెలుగులో చదివింది ఎలా చెప్తున్నాడు, ఇంగ్లిష్‌లో చదివింది చెప్పేటప్పుడు ఎక్కడ ఆగుతున్నాడు అని మీరు చూసింది చూసినట్టు చెప్పండి, వీలైతే నానమ్మకి చెప్తుండగా ఫోన్‌లో రికార్డు చేసి వినిపించండి. క్లాసులో ఇద్దరేసి పిల్లలకి వేరే వేరే కథలు ఇచ్చి ఒకరికొకరు చెప్పుకోమంటే బాగుంటుందేమో, మొదట్లో తెలుగులో చెప్పనిస్తారా అని అడిగి చూడండి. టీచరుగారు ఒప్పుకోకపోయినా ఏం నష్టం లేదు, నాన్న ఫోన్ టైం ఎటూ ఉంది.